నయోమీ వెంట వచ్చిన సాక్షి

పోయిన బుధవారం నయోమీ ఒక్కతే వచ్చింది. ఈ బుధవారం ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది.

మా సంఘంలో ఒకరి వల్ల ఒకరికి నొప్పి కలిగితే అదే వరస. ముందు ఒంటరిగా వెళ్లి చెప్పాలి. వినకపోతే ఒకరిద్దరు సాక్షులతో వెళ్లాలి. అప్పటికీ వినకపోతే సంఘం ముందు పెట్టాలి. మొదటిసారి ఏమయిందో చెబుతాను. మా ఎల్వా అత్త కొట్టులో బైబిళ్లు, పాటల పుస్తకాలు, విత్తనాల పొట్లాల మధ్య ‘రాతి చేను’ అనే పాత నవల కూడా ఉంటుంది. నూరేళ్ల కిందటిది, పట్నం బళ్లలో పాఠంగా చెప్పేంత పేరున్నది. నయోమీ కూతురు మిరియం దాన్ని కొనుక్కెళ్లింది. అందులో చదవకూడని మాటలేవో ఉన్నాయట. అలాంటి పుస్తకం ఈ కొట్టులో ఉండకూడదని నయోమీ అంది. ఉంటుందని అత్త అంది. నయోమీ తలకి కట్టిన బానెట్ నాడాలు బిగించుకుని వెళ్లిపోయింది.

ఈ ఆదివారం ప్రభువు బల్ల, సంఘమంతా కలిసి రొట్టె తీసుకునే రోజు. దానికి ముందు శనివారం పెద్దలు బెంచీల వెంట నడుస్తూ ఒక్కొక్కరినే అడుగుతారు, దేవునితోనూ సంఘంతోనూ శాంతిగా ఉన్నావా అని. ఉన్నానని అందరూ అంటేనే రొట్టె విరుస్తారు. ఈ తగవు సంఘం ముందుకు వెళ్తే అత్తను బల్ల నుంచి వెనక్కి పెడతారు. ఆమె ఇంతవరకు ఒక్క బల్ల కూడా తప్పలేదు. కీళ్లవాతంతో లేవలేని ఏడాది కూడా నాన్న బండిలో దుప్పటి పరిచి తీసుకువెళ్లాడు. సంఘం వెనక్కి పెట్టిన మనిషి దగ్గరికి వచ్చి బైబిల్ ఎవరు కొంటారు? కొట్టు సంగతి తర్వాత. ఆదివారం అందరూ లోపల ఉండగా అత్త ఇంట్లో కూర్చుని ఉండడం నేను ఊహించుకోలేకపోయాను.

మంచు కరిగే రోజులు. బురద గుమ్మం దాటి లోపలికి వచ్చేసింది. గుర్రాన్ని కట్టేసి ముందుగా వచ్చింది డీకన్ ఇవాన్ గారు. పొడుగ్గా, ముందుకు వంగి ఉంటారు. ఆయన రాకముందే పాల వాసన వస్తుంది. డీకన్ అంటే పెద్ద చదువు చదివినవాడు కాదు, చీటీలో వచ్చినవాడు. పాటల పుస్తకాలు వరసగా పెట్టి ఒకదాంట్లో చీటీ దాస్తారు. ఎవరు తీసిన పుస్తకంలో అది ఉంటే, చచ్చేదాకా సంఘం తగవులన్నీ వాళ్ల నెత్తిన.

“బూట్లు విప్పమంటావా ఎల్వా?” అన్నారు.

“ఎందుకన్నా. నయోమీ పోయినవారం వదిలిన బురదే ఇంకా కడగలేదు.”

“కడిగే తీరిక ఎక్కడుంటుందిలే,” అంది నయోమీ వెనకనుంచి. “నవలలు చదవాలాయె.”

మూడో మనిషి బార్బరా, నయోమీ తోడికోడలు. వయసులో చాలా చిన్నది. నవంబరులో ఆమె కొడుకు టైటస్ పోయాడు. రెండేళ్లు నిండి మూడో ఏడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము. అప్పటినుంచి ఆమె నల్ల గౌనే వేసుకుంటోంది, మాట కూడా నల్లబడినట్టు చాలా తక్కువగా మాట్లాడుతోంది. తలుపు పక్కన ఉన్న బెంచీ చివర కూర్చుంది. ఆమె నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు.

ఎందుకంటే జనవరిలో, అత్త లేని ఒక మధ్యాహ్నం, బార్బరా వచ్చి ‘రాతి చేను’ అడిగింది. మా కొట్టుకు బయట అచ్చయిన కథలు ఏవి వచ్చినా అత్త ముందు చదివి, బాగోలేని మాటల దగ్గర దారప్పోగు పెడుతుంది. నేను లావు పెన్నుతో వాటిని నల్లగా కొట్టేస్తాను. అప్పుడే అరలో పెడతాం. ఆ రోజు పెట్టెలో మిగిలిన ప్రతులకి ఇంకా రంగు వెయ్యలేదు. కాసేపు కూర్చోండి, కొట్టేసి ఇస్తాను అన్నాను. “వద్దు, ఉన్నదున్నట్టు ఇవ్వు,” అంది. సంచి అడుగున, పిండి పొట్లం కింద పెట్టుకుంది. ఎవరికీ చెప్పొద్దని నాతో అనలేదు. అనక్కర్లేదని ఇద్దరికీ తెలుసు.

అలాంటిది ఇప్పుడు నయోమీ ఆమెనే సాక్షిగా తెచ్చింది.

అత్త పుదీనా టీ పోసింది. “తాగడానికి రాలేదు,” అంది నయోమీ.

“నాకు పొయ్యమ్మా,” అన్నారు ఇవాన్ గారు. “నేను దానిక్కూడా వచ్చాను. రెండు రోజులుగా దూడలే దూడలు, ఒక్కటీ తలవైపు నుంచి రాదు. ఆవేళ పక్క పుస్తకం తీసుంటే ఈపాటికి కొట్టంలో గడ్డి మీద పడుకునుండేవాణ్ణి. సరే. నయోమీ, నీ మాట చెప్పు. మెల్లగా చెప్పు.”

నయోమీ మెల్లగానే చెప్పింది. పోయినవారం ఉన్న కోపం ఈసారి లేదు. అలసట ఉంది. ఎనిమిదిమంది పిల్లల తల్లి, అందులో ముగ్గురు తడి బట్టలతో గిల్లికజ్జాలు పెట్టుకుంటుండగా వదిలేసి వచ్చింది.

“పట్నం లైబ్రరీకి పంపితే ప్రతి పుస్తకం ముందు నేను చూడాలి ఎల్వా. చూసే ఓపిక లేదు నాకు. అందుకే పంపను. ఇక్కడికి మాత్రం పంపుతాను. ఎందుకు? నువ్వు చూస్తావని. తల్లి కాసేపు కళ్లు మూసుకున్నా ఫర్వాలేని చోటు ఒక్కటైనా ఉండాలి కదా? ఆ పుస్తకం కావాలన్నవాళ్లకి లోకంలో వెయ్యి కొట్లున్నాయి. నాకున్నది ఇదొక్కటే.”

అది నాకు న్యాయంగానే తోచింది. అత్తకీ అలాగే తోచిందేమో.

నయోమీ సంచిలోంచి పుస్తకం తీసింది. తుడుపుగుడ్డలో చుట్టి తెచ్చింది, చేతికి అంటుకుంటుందన్నట్టు. పేజీ తీసి ఇవాన్ గారి ముందు పెట్టింది. సగం పేజీ నలుపు. నా పెన్నే. మూలల్లో గీతలు కాస్త బయటికి పోయాయి.

“మా మిరియం దీన్ని కిటికీ దగ్గర ఎండకి పట్టుకుని చూస్తోంది. ఏంటే అంటే, కింద అక్షరాలు కనిపిస్తాయేమోనని అంది. దాని తమ్ముడొకడు వెనకాల చేరి, అక్కడ ఏ మాటుండొచ్చో అని పందెం. వాడికొచ్చిన పాడు మాటలన్నీ ఏకరువు పెట్టాడు. వాడికన్ని వచ్చని నాకు అప్పుడే తెలిసింది.”

ఇవాన్ గారికి టీ గొంతులో అడ్డం పడింది. దగ్గి, ముక్కు తుడుచుకుని, మళ్లీ గంభీరంగా కూర్చున్నారు.

“నలుపు పూసిందెవరు?” అంది నయోమీ.

“నేను చెబితే రోడా పూసింది,” అంది అత్త.

అందరూ నా వైపు చూశారు. నేను ముల్లంగి విత్తనాల పొట్లాల వైపు చూశాను.

“అంటే పాడు మాటని నీకు తెలుసు. తెలిసే మూశావు. మూసీ అమ్మావు. కుళ్లిన గుడ్డని తెలిసి, పెంకు తుడిచి బుట్టలో పెట్టినట్టు లేదూ? ఆ పుస్తకం మంచిదైతే నలుపెందుకు? చెడ్డదైతే అరలో ఎందుకు? ఏదో ఒకటి చెప్పు ఎల్వా. వెళ్లిపోతాను.”

అత్త ఎదురుగా ఉన్న ఎత్తు పీట మీద కూర్చుంది. ఆమె ఎప్పుడూ కొట్టులో కూర్చోదు, మనుషులున్నప్పుడు అసలే కూర్చోదు.

“నలుపు నా తప్పే,” అంది.

నయోమీ భుజాలు కొంచెం దిగాయి. ఇవాన్ గారు ఆశగా తలెత్తారు.

“పుస్తకం తప్పు కాదు. నలుపే తప్పు. నువ్వో, ఇంకొకరో ఇలా వస్తారని భయపడి ముందే మూసేశాను. మూసేసరికి ఉన్నదానికంటే ఘోరమైనది అందరూ ఊహించుకున్నారు. ఏమనుకున్నావు నువ్వు? నిజం చెప్పు.”

“ఇవాన్ అన్న ముందు చెప్పే మాట కాదు,” అంది నయోమీ. చెవులు ఎర్రబడ్డాయి.

“చూశావా. రోడా, పెట్టెలోంచి రంగు వెయ్యని ప్రతి తేమ్మా.”

తెచ్చాను. అత్త పేజీ తీసి ఇవాన్ గారికిచ్చింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నారు. చదవడం అంత తేలిక కాదు ఆయనకి. ఆదివారం అధ్యాయం చదివే రాగంతోనే, వేలు వరస కింద జరుపుకుంటూ మొదలుపెట్టారు. కథలో అప్పటికి ఆ ఇల్లాలి పిల్లలు ముగ్గురూ ఒకే చలికాలంలో గొంతువాపుతో పోయారు. బోధకుడు ఓదార్చడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె ఆయన తల మీదుగా ఆకాశంవైపు చూసి అంటుంది:

“‘ఇచ్చినప్పుడు పాట పాడమన్నారు, పాడాను. తీసుకున్నది కూడా నువ్వేనట, మళ్లీ పాడమంటున్నారు. పాడను. గుమ్మం దగ్గర మూడు జతల బూట్లున్నాయి. ఒకదానికి బురద ఇంకా ఆరలేదు. దిగి రా. నీకు సిగ్గన్నది ఉంటే దిగి వచ్చి ఈ బూట్లు చూడు...’”

ఆయన ఆగారు. వేలు అక్కడే ఉండిపోయింది. బయట గుర్రం ముక్కుతో గాలి వదిలిన చప్పుడు లోపలికి వినిపించింది.

“ఇదా?” అంది నయోమీ.

“ఇదే,” అంది అత్త.

“నేను ఇంకేదో అనుకున్నాను.” తను తెచ్చిన నల్ల పేజీని తుడుపుగుడ్డతో కప్పేసింది. “కానీ ఎల్వా, ఇది దానికంటే ఘోరం. ఎవరో మగా ఆడా తప్పు నడిచారంటే, అది పాపమే అని పిల్లకి చెప్పగలను. చెప్పాను కూడా. దీనికేం చెప్పను? దేవుడికి సిగ్గులేదా అని అడిగిందమ్మా ఒకావిడ, ఎందుకడిగిందంటే... ఏం చెప్పను?”

“బైబిల్లో ఇంతకంటే గట్టిగా అడిగినవాళ్లు లేరా?”

“ఉన్నారు. వాళ్లకి చివర్లో జవాబొచ్చింది. దీంట్లో వస్తుందా?”

అత్త అబద్ధం చెప్పలేదు. “రాదు,” అంది.

“ఇంకా ఒక వరస ఉంది,” అన్నారు ఇవాన్ గారు, కళ్లద్దాలు సర్దుకుంటూ.

“చాలన్నా. చదవకు,” అంది నయోమీ.

“‘చూసి, వీటిని నన్నేం చెయ్యమంటావో చెప్పి పో.’”

ఆ మాటలు ఇవాన్ గారివి కావు. తలుపు పక్కనుంచి వచ్చాయి. బార్బరా చేతిలో పుస్తకం లేదు. చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి.

నయోమీ మెల్లగా అటు తిరిగింది. “నువ్వు చదివావా?”

“చదివాను.”

“ఎప్పుడు?”

“చాలాసార్లు.”

అత్త నా వైపు చూసింది. ఆమెకి ఈ సంగతి అప్పటిదాకా తెలియదు. చూసి, చూపు తిప్పేసుకుంది.

“మరి నేను సాక్షిగా రమ్మంటే ఎందుకొచ్చావే?”

“రమ్మన్నావు. పెద్దదానివి. కాదని చెప్పడానికి ఓపిక లేక వచ్చాను.”

“నాతో ఒక్క మాట చెప్పుండొచ్చుగా బార్బరా. గోడకవతల ఇల్లు. రోజూ చూస్తాను నిన్ను.”

“ఏం చెప్పేది? వాడు పోయాక మీరంతా వచ్చారు. యాపిల్ పైలు కాల్చి తెచ్చారు, కోడి పులుసు తెచ్చారు. తిన్నాను. దేవుడి చిత్తమన్నారు. తలూపాను. నువ్వు వాడి చొక్కాలు, బూట్లు అన్నీ మడిచి పెట్టెలో పెట్టుకుని మీ ఇంటికి పట్టుకుపోయావు, చూస్తే ఏడుస్తానని. మంచికే చేశావు. నన్ను అడగలేదంతే. ఎవరూ ఏమీ అడగలేదు. ఈ పుస్తకంలో ఆవిడెవరో, ఎప్పుడో పోయిన మనిషి, ఆవిడొక్కతే బూట్ల సంగతి మాట్లాడింది.”

బార్బరా ఒకేసారి అన్ని మాటలు అనడం ఆ చలికాలంలో నేను వినలేదు. ఆమె గొంతు పెంచలేదు. పాడి లెక్క చెప్పినట్టే చెప్పింది.

“నేను ఊరికే చదవలేదు నయోమీ. ఆ మాటలతో ప్రార్థన చేశాను. ఇప్పటికీ చేస్తున్నాను. వేరే ప్రార్థన రావడంలేదు.”

“అది నేను వినలేదు,” అన్నారు ఇవాన్ గారు గబుక్కున. అలాంటి మాట డీకన్ చెవిన పడితే సంఘం ముందు పెట్టాల్సిందే.

“నేను విన్నాను,” అంది నయోమీ. నిష్ఠూరంగా అనలేదు. నోటి నుంచి వచ్చేసింది. అని, తనే భయపడ్డట్టు చేత్తో నోరు మూసుకుంది.

అప్పుడు అత్త లేచింది. అర దగ్గరికి వెళ్లి ‘రాతి చేను’ ప్రతులన్నీ రెండు చేతులా తీసింది. విత్తనాలొచ్చిన ఖాళీ పెట్టెలో పడేసింది. పెట్టెను ఇవాన్ గారి కాళ్ల దగ్గరికి నెట్టింది.

“ఇవాన్ అన్నా, నేను విన్నాను. నయోమీ మాట విన్నాను. ఈ పుస్తకం ఇక ఇక్కడ ఉండదు. శనివారం నన్ను అడిగితే శాంతిగా ఉన్నానంటాను.”

నాకు ఏడుపొచ్చినంత పనైంది. పోయినవారం అంత గట్టిగా నిలబడ్డ మనిషి ఎందుకిలా కూలిపోయిందో అర్థం కాలేదు. కాస్త ఆలస్యంగా అర్థమైంది. మా వరసలో ఇంకో నియమం ఉంది. రెండో మెట్టు దగ్గరే మాట విన్నారంటే తగవు అక్కడితో సరి. ఆ గదిలో ఎవరేమన్నా గుమ్మం దాటకూడదు. నయోమీ అయినా సరే, డీకన్ అయినా సరే, నోరు విప్పడానికి లేదు. అత్త బార్బరా మాటలను లోపలుంచి తలుపు మూసేసింది. అందుకు పుస్తకం ఇచ్చేసింది.

నయోమీకి కూడా అర్థమైందనుకుంటాను. పెట్టెవైపు చూసింది, అత్తవైపు చూసింది.

“ఇంత తొందరగానా?”

“అలిసిపోయాను నయోమీ.”

“నేను మాత్రం?” నయోమీ పీట లాక్కుని అత్త పక్కన కూలబడింది. వీళ్లిద్దరూ ఒకే ఏడు పుట్టారు. గుడిలో వయసు వరసన కూర్చుంటాం కాబట్టి, ప్రతి బల్లకీ పక్కనున్నవాళ్ల కాళ్లు కడిగే ఆచారంలో ఒకరివి ఒకరు కడిగేది వీళ్లిద్దరే. “నిన్ను వెనక్కి పెట్టించాలని రాలేదు ఎల్వా. నీ ఎడమ మడమ పగులు కూడా నాకు తెలుసు. ఈ వయసులో కొత్త కాళ్లు అలవాటు చేసుకోవడం నావల్ల కాదు.”

“నీ గోళ్లు నువ్వు కత్తిరించుకొస్తే నాకూ అభ్యంతరం లేదు.”

ఇద్దరూ నవ్వలేదు కానీ, నవ్వడానికి దగ్గరగా వచ్చారు. చేతులు కలుపుకున్నారు. ఒకరి బుగ్గ మీద ఒకరు ముద్దు పెట్టుకున్నారు. “శాంతి,” అంది నయోమీ. “శాంతి,” అంది అత్త.

ఇవాన్ గారు మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేసి, పెట్టె చంకన పెట్టుకుని, టోపీ పెట్టుకున్నారు. ఆ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. “దేవుడు మేలు చేశాడు. పొద్దుగూకకముందే కొట్టంలో పడతాను. పదండమ్మా, నయోమీ, బార్బరా.”

బార్బరా లేవలేదు.

“నాది ఇవ్వను,” అంది.

“ఎవరడిగారమ్మా నిన్ను? కొట్టులో మాటే కానీ, నీ ఇంట్లో పుస్తకం నీ ఇష్టం,” అన్నారు ఇవాన్ గారు.

“శనివారం నన్ను అడుగుతారు కదా?”

“అందరితోపాటు అడుగుతాం. శాంతిగా ఉన్నానంటావు. అయిపోతుంది.”

“లేను.”

ఆయన టోపీ అంచు పట్టుకుని నిలబడిపోయారు.

“నాకెవరిమీదా ఫిర్యాదు లేదు,” అంది బార్బరా. “నయోమీ మీద కూడా లేదు. వెనక్కి పెట్టడానికి నేను చేసిన తప్పూ లేదు. శాంతి మాత్రం లేదు. ఇక్కడ అన్న మాటలు గుమ్మం దాటకూడదు, సరే. ఎవరూ దాటించొద్దు. శనివారం మీరు నా బెంచీ దగ్గరికొచ్చి అడిగితే, నా నోటితో నేనే లేదని చెబుతాను. ఎందుకు లేదమ్మా అంటే ఆ పేజీ చదువుతాను.”

“గుళ్లోనా?” అంది నయోమీ.

“మీరంతా ఉండేది అక్కడే కదా.”

తప్పు చేసినవాళ్లని పక్కన పెట్టి బల్ల జరపొచ్చు. ఏ తప్పూ లేని మనిషి ఒక్కరు శాంతి లేదంటే, ఆ ఒక్కరి కోసం బల్ల ఆగుతుంది. మొత్తం సంఘానికి రొట్టె ఉండదు. మా తాతల కాలంలో ఒకసారి అలా వసంతం నుంచి శరదృతువు దాకా ఆగిందట. ముసలివాళ్లు దాని గురించి ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు.

ఇవాన్ గారు పెట్టె కింద పెట్టారు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని మళ్లీ కూర్చున్నారు. ఇప్పుడు ఆయన నిజంగా ముసలివాడిలా ఉన్నారు.

“బార్బరా, నువ్వొక్కదానివైతే బిషప్పుతో మాట్లాడి, నీతో నాలుగు రోజులు కూర్చుని, ఏదో దారి చూస్తాం. నువ్వు చదవడం మొదలుపెట్టగానే ఇంకో బెంచీలోంచి ఇంకొకరు లేచి నాకూ లేదంటే?” ఆయన నుదురు రుద్దుకున్నారు. తర్వాత మొదటిసారి నా పేరు పెట్టి పిలిచారు. “రోడా. రంగు వెయ్యకుండా ఈ పుస్తకం ఇంకెవరైనా పట్టుకెళ్లారామ్మా? పేర్లొద్దు. ఉన్నారా లేరా, అంతే చెప్పు.”

అత్త నన్నే చూస్తోంది. నయోమీ చూస్తోంది. బార్బరా కూడా తలెత్తి చూసింది, తను ఒక్కతే కాదేమోనన్న ఆశ ఆమెకి అప్పుడే పుట్టినట్టు.

“ఉన్నారు,” అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. మళ్లీ అన్నాను. “ఉన్నారండీ.”

ఆయన పేర్లు వద్దన్నారు కనుక బతికిపోయాను. మొట్టమొదట వచ్చి, ఉన్నదున్నట్టు ఇమ్మని అడిగి, కొట్టులోనే నిలబడి ఆ పేజీ చదివి, కళ్లు తుడుచుకుని కొనుక్కెళ్లింది ఆయన భార్య.